కారి వారి తేమ సెన్సర్లు

నత్తలరేవులో తెలివంటే కారి వారిదే. ఈ మాట ముందు కారి వాళ్ళే అన్నారు. వినీ వినీ విసుగెత్తి ఊరు కూడా ఔనంది. అన్న ఎల్లాజీ చేపల సంఘానికి ప్రెసిడెంటు, తమ్ముడు దానయ్య సెక్రటరీ. తన తెలివి కిటుకేమిటో ఎల్లాజీ ఎవరి దగ్గరా దాచలేదు. ఎదటివాడు ఏ మాటంటే ఆ మాటే చెయ్యడం, సొంత పైత్యం కలపకపోవడం. అంతే.

ఆ ఊరి ఒడ్డున వాతావరణ స్టేషను ఒకటుంది. ఒక ఇనప స్తంభం, దాని మీద గాలి వేగం కొలిచేది, వాన కొలిచేది, గాలిలో తేమ కొలిచేది. తేమ బాగా పెరిగితే పొగమంచు కమ్ముతుంది, పడవలు దారి తప్పుతాయి. అందుకని ఏ పూటకాపూట తేమ ఎంతో రేవులో పలక మీద రాసేవారు. ఆ తేమ సెన్సరు కాస్తా ఉప్పుగాలికి తుప్పట్టి ఊరుకుంది. కొత్తవి రెండు కొనే పని సంఘం మీద పడింది.

వాతావరణ ఆఫీసు ఇంజనీరు సులోచనమ్మ ఎల్లాజీకి ఫోన్లో మూడు ముక్కలు చెప్పింది. సముద్రపు గాలికి తట్టుకునేవే కొనాలి. ఒకటికి పది చోట్ల అడగాలి. కొట్టువాడి మాట నమ్మకూడదు.

ఇంకేముంది, అన్నదమ్ములు పట్నం బస్సెక్కారు. మొదటి కొట్లోనే సరుకు దొరికింది. ఇవి సముద్రం ఒడ్డుకే చేసినవి, పదేళ్ళు పనిచేస్తాయి అన్నాడు కొట్టువాడు. కొట్టువాడి మాట నమ్మకూడదు కదా! అంటే పనిచెయ్యవన్నమాట. ఎల్లాజీ తమ్ముడి వంక చూసి కన్నుగీటి బయటికొచ్చాడు. ఇంకా తొమ్మిది చోట్ల అడగాలి. గాజుల కొట్లో అడిగారు, ఇడ్లీ బండి దగ్గర అడిగారు, మంగలి షాపులో అడిగారు. మంగలి పాపం జాలిపడి తడిగుడ్డ ఇచ్చాడు. పదో కొట్లో గోడకి తగిలించే రకం ఉన్నాయి, అంకెలు కనబడేవి. అక్కడి ముసలాయన నిజాయితీపరుడు. ఇవి ఏసీ గదులకి బాబూ, ఉప్పుగాలికి వారం తిరక్కుండా పోతాయి, వద్దు అని చేతులు పట్టుకున్నాడు.

"ఈ మాటా నమ్మకూడదు కదన్నియ్యా?" అన్నాడు దానయ్య.

"నమ్మం. రెండూ కట్టించు," అన్నాడు ఎల్లాజీ.

సంఘం సొమ్ముతో కొన్నారు గనక సరుకు బిల్లు మీద ముద్ర వేయించుకోవాలని దారిలో సర్కారు ఆఫీసుకెళ్ళారు. గుమస్తా కాగితం తిప్పి తిప్పి చూసి, చెయ్యి తడిపితేగానీ పని కదలదని గొణిగాడు. ఎల్లాజీకి ఇంత తేలిక పని తగిలినందుకు సంతోషమేసింది. చంకలో నీళ్ళ సీసా ఉండనే ఉంది. మూత తీసి గుమస్తా చెయ్యి మణికట్టుదాకా తడిపాడు. చాలలేదేమోనని దానయ్య రెండో చెయ్యి కూడా తడిపాడు. గుమస్తా లేచి అరిచేసరికి పక్కగదిలోంచి ఆఫీసరొచ్చి ఏమిటిదని అడిగాడు. మీ గుమస్తాగారే తడపమన్నారండి, తడిపాం అన్నాడు ఎల్లాజీ వినయంగా. ఆఫీసరు గుమస్తా వంక చూశాడు, గుమస్తా నేల వంక చూశాడు. నిమిషంలో ముద్ర పడింది. తెలివంటే ఇదీ అని దారిపొడుగునా పొంగిపోయాడు ఎల్లాజీ.

సరుకు చేరిందని తెలిసి సులోచనమ్మ మళ్ళీ ఫోను చేసింది. రెండు రోజుల్లో మనిషొచ్చి బిగిస్తాడు, ఖరీదైన వస్తువులు, ఈలోగా గాలికొదిలెయ్యకండి అంది.

అంతే. గాలి సోకకుండా ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా వెతికారు. ఎల్లాజీ భార్య కాసులమ్మ ఊరగాయ పెట్టే పెద్ద గాజు జాడీ కడిగి ఎండబెట్టి, అడుగున శేరు పొడిబియ్యం పోసి, సెన్సర్లు రెండూ అందులో దించి, మూత బిగించి పైన గుడ్డ కట్టింది. మనిషి రెండు రోజులకీ రాలేదు, పది రోజులకీ రాలేదు. పలక ఖాళీగా ఉంటే సంఘానికే నామోషీ అని దానయ్య రోజూ జాడీలోకి చూసి అంకె రాసేవాడు. నూటికి ముప్ఫై. మర్నాడూ ముప్ఫై. గాలి పొడి, మంచు పట్టదు. ఇంత నిలకడైన వాతావరణం ఏ రేవులోనూ లేదని ఎల్లాజీ నలుగురిలో చెప్పుకున్నాడు.

పదకొండో రోజు తెల్లారి, పలక చూసుకుని నాలుగు పడవలు వెళ్ళాయి. తను రాసిన అంకె మీద నమ్మకంతో దానయ్య కూడా ఒకటి ఎక్కాడు. గంట తిరక్కుండా పాలు ఒలికినట్టు మంచు కమ్మింది. ఒడ్డున నిలబడ్డ ఎల్లాజీకి తన చెయ్యే కనబడలేదు. మంచులోంచి ఎక్కడో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్న చప్పుడు, తమ్ముడి గొంతులాంటి గొంతు. ఎల్లాజీ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, గొంతు పోయేదాకా దానయ్యా దానయ్యా అని పిలిచాడు. కాసులమ్మ జాడీ తెచ్చి ఒడ్డున పెట్టుకు కూచుంది. అందులో ఇంకా ముప్ఫయ్యే ఉంది.

పొద్దెక్కాక మంచు విడింది. రెండు పడవలు ఇసక తిన్నె మీద, రెండు పగిలిన ముక్కులతో. మనుషులు మటుకు బతికారు. దానయ్య నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పితో దిగి, అన్నని పట్టుకుని ఏడ్చాడు. మిగతావాళ్ళు తెడ్లు పట్టుకుని ఎల్లాజీ ఇంటిదాకా వచ్చి, ప్రెసిడెంటుని చేసింది మనమేగా అని తెల్లబోయి, వెనక్కి పోయారు.

మధ్యాహ్నానికి సులోచనమ్మే వచ్చింది. జాడీ మూత తీసి, గుప్పెడు బియ్యం చేతిలోకి తీసి చూసి, మళ్ళీ అందులోనే పోసింది. వారం తిరిగేలోగా తనే సరైన సెన్సర్లు తెచ్చి స్తంభానికి బిగించి, అంకెలు చూపించే పెట్టె కింద పెట్టించింది. వెళ్తూ ఎల్లాజీని పక్కకి పిలిచి, ఒక్కో మాటా ఒత్తి చెప్పింది.

"తొంభై దాటిందంటే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకూడదు. వెంటనే పైవాళ్ళకి చెప్పాలి. మిగతాది వాళ్ళు చూసుకుంటారు."

మూడోనాడు పొద్దున్నే పెట్టెలో తొంభై మూడు కనబడింది. ఎల్లాజీ ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. పంచె ఎగ్గట్టి స్తంభం ఎక్కి, చిటారున కాళ్ళు పెనవేసి, మబ్బులకేసి మొహమెత్తి తొంభై మూడు, తొంభై మూడు అని చెప్పడం మొదలెట్టాడు. జేబులో ఫోను మోగింది. సులోచనమ్మ. రీడింగెంతో అడుగుతోంది.

"ఇప్పుడు కుదరదమ్మా, పైవాళ్ళతో మాట్లాడతన్నాను," అని పెట్టేశాడు.

కింద స్తంభం పట్టుకు నిలబడ్డ దానయ్య మెడ పైకెత్తాడు.

"ఏటంటన్నారన్నియ్యా?"

"ఏటీ అనడం లేదురా. విని ఊరుకున్నారు."

దానయ్య తృప్తిగా తలూపాడు. "అయితే ఆఫీసర్లేలే. దిగిపోకు, మళ్ళీ చెప్పు."