యాభై అయిదు ఓముల సన్యాసమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, కొండకి వచ్చే యాత్రికులు దిగే లాడ్జి మెట్ల కింద, సన్యాసమ్మ అని ఇస్త్రీ చేసే ఆవిడ ఉండేదమ్మలూ. మనిషి పిడికెడు, నోరు మాత్రం ఊరంత. బొగ్గుల పెట్టె రుద్ది రుద్ది చేతులు కాయలు కాసి, ఆ మధ్యే కరెంటు పెట్టె కొనుక్కుంది. ఆ పెట్టే ఆవిడకి కూడు పెట్టేది.

లాడ్జి యజమాని జగన్నాథం గారు ఆ ఏడు మూడంతస్తుల్లోనూ నీళ్ళు కాచే హీటర్లు పెట్టించాడు. మొదటి రోజు పొద్దున్నే ఫ్యూజు పోయింది. యాత్రికులు చన్నీళ్ళు పోసుకుని తిట్టుకున్నారు. రెండో రోజూ పోయింది. అప్పుడు జగన్నాథం గారు మెట్లు దిగొచ్చి, కరెంటంతా నీ పెట్టే మింగేస్తోంది, ఎల్లుండి నించి నీకు ప్లగ్గు లేదు అన్నాడు. కాదని సన్యాసమ్మ అంటే, అడ్డంగా మాట్లాడకు అన్నాడు.

ఆవిడకి ఒళ్ళు మండింది. నోటి దగ్గర కూడు లాగేస్తే ఎవరికి మండదూ?

అప్పుడు ఆవిడ వైర్లు బిగించే తమ్ముడు పరదేశిని పిలిపించింది. అన్నిటినీ కరెంటనే అంటారు గానీ అక్కా, దేని లెక్క దానిదే అన్నాడు వాడు. తోసేది వోల్టు. పారేది ఆంపు. వోల్టుని ఆంపుతో భాగిస్తే అడ్డు ఎన్ని ఓములో తెలుస్తుంది, గుణిస్తే ఎన్ని వాట్లు తింటోందో తెలుస్తుంది.

ఆ తర్వాత ఇద్దరూ వైర్లకి మీటరు తగిలించి చూశారు. వోల్టు అందరికీ ఒకటే, రెండు వందల ఇరవై. పెట్టెకి నాలుగు ఆంపులు, ఒక్కో హీటరుకి పది. సన్యాసమ్మ బల్ల అంచు మీద సుద్దముక్కతో లెక్క కట్టింది. పెట్టెకి యాభై అయిదు ఓములు, ఎనిమిది వందల ఎనభై వాట్లు. హీటరుకి ఇరవై రెండే ఓములు, వాట్లు మాత్రం రెండు వేల రెండు వందలు.

జగన్నాథం గారు అది చూసి తెగ సంబరపడ్డాడు. యాభై అయిదు పెద్దదా, ఇరవై రెండు పెద్దదా, దొంగ దొరికింది అన్నాడు. అడ్డు పెరిగితే పారేది తగ్గుతుందని ఆయనకి తెలీదు పాపం. గుమ్మం ఇరుకైతే జనం తక్కువ దూరతారు కదమ్మా, అంతే.

మూడో రోజు పొద్దున్న సన్యాసమ్మ తన ప్లగ్గు తనే పీకి, చేత్తో పట్టుకుని నిలబడింది. ఇప్పుడు మూడు హీటర్లూ వేయించండి అంది. వేయించాడు. మొత్తం ముప్ఫై ఆంపులు, ఫ్యూజు ఓర్చుకునేది పదిహేను. ఠప్పుమంది. యాత్రికులంతా తువ్వాళ్ళు చుట్టుకుని వరండాలోకి వచ్చారు.

పరదేశి కొత్త ఫ్యూజు వేశాడు. ఒక్కసారికి ఒక్క హీటరే అని సన్యాసమ్మ చెప్పింది, ఆయన తలూపాడు. అయినా పరువు నిలబెట్టుకోవాలిగా, ఏమైనా నీకు అడ్డెక్కువే అని గొణిగాడు.

సన్యాసమ్మ ప్లగ్గు గుచ్చింది. "అవును బాబూ. అడ్డున్న కాడే వేడి పుడద్ది. వేడి లేకపోతే మీ లాల్చీ ముడతలు ఎలా పోతాయి?"

ఆయన లాల్చీ విప్పి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని తీసి, బట్టల వరసలో అన్నిటికంటే ఆఖరున పెట్టింది.

భాగిస్తే ఓము, గుణిస్తే వాటు,
తప్పు మనది కానప్పుడు తలొంచితే పొరపాటు.
కథ నడిచింది కంచికి,
మనం చేరాం మంచానికి.