నూట ఎనిమిది ఆకుల వంకాయ కూర

ఒకానొక రాజ్యంలో, దాని పేరు అడిగితే మాట దాటేస్తాను గాని, ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఒక పుస్తకం రాశాడు. చిక్కంతా అక్కడ మొదలైంది.

గుత్తివంకాయ కూర వండే విధానం మీద ఆయన రాసిన గ్రంథం పేరు 'వంకాయ విజయం'. నూట ఎనిమిది తాటాకులు! పండితులంతా ఆహా అన్నారు. చదివినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ పొగడ్తలకు పొంగిపోయి రాజు శాసనం చేశాడు: ఇకమీదట ఏ శాస్త్రం రాసినా నూరు ఆకులకు తగ్గరాదు. మొదటి ముప్పై ఆకుల్లో రాజవంశ కీర్తన ఉండాలి. అసలు సంగతి చిట్టచివరనే చెప్పాలి. అలా లేని రాతను సభలో చదవరు. సభలో చదవనిదాన్ని ఊళ్లకు పంపరు.

ఒకనాటి ఉదయం పశువైద్యురాలు ఓబులమ్మ నాలుగు తాటాకులు పట్టుకుని సభకు వచ్చింది. ఊళ్లల్లో పశువులకు గాలికుంటు సోకింది. నోళ్లు పుండ్లు పడి, గిట్టలు పగిలి పడిపోతున్నాయి. దాన్ని ఆపే దారి ఆమె కనిపెట్టింది. ఇంకో ఐదు రోజుల్లో మందలన్నీ మేతకు అడవికి పోతాయి. ఈలోగా కబురు ఊళ్లకు చేరాలి.

రాజు ఆకులు లెక్కపెట్టి నవ్వాడు. "నాలుగా! ఇది శాస్త్రమా, చాకలిపద్దా? వెళ్లి నూరు చేసి పట్టుకురా. ఎలా రాయాలో తెలియకపోతే నా గ్రంథం చూసి నేర్చుకో."

సభలో గ్రంథాలు చదివి వినిపించే కొలువు తిప్పనది. పాతికేళ్లవాడు. నోరు ఊరుకోదు, మనసులో మాత్రం ఏమీ ఉండదు. ఓబులమ్మ కళ్లనీళ్లు చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏం అత్తా, తొంభైయారు ఆకులే కదా తక్కువ! నీ బర్రె జాతకం రాసెయ్."

"నీకు నవ్వులాటగా ఉందా అబ్బాయ్? ఆ ఆకులు నిండేలోగా దొడ్లు ఖాళీ అవుతాయి."

తిప్పన నవ్వు ఆగిపోయింది. తిన్నగా రాజు ముందుకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఈమె పల్లెటూరి మనిషి. చదివితే తలకెక్కదు, చూస్తే నేర్చుకుంటుంది. ఈ పూట మీ గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు వండిస్తే?"

"భేష్!" అన్నాడు రాజు. "అక్షరం పొల్లు పోకూడదు!"

మధ్యాహ్నమైంది. రాజు విస్తరి ముందు కూర్చున్నాడు. విస్తరి ఖాళీ. వంటశాలలో ఓబులమ్మ చూస్తుండగా తిప్పన వంటల పెద్దకు గ్రంథం చదివి వినిపిస్తున్నాడు.

"తిప్పనా, కూరేదోయ్?"

"ఇరవై రెండో ఆకులో ఉన్నాం ప్రభూ. మీ ముత్తాతగారి పట్టపుటేనుగు పేరు తెలిసింది. వంకాయ ఇంకా తెలియలేదు."

ఇంకాసేపటికి మళ్లీ కేక. "ఇప్పుడో?"

"యాభై మూడు ప్రభూ! వంకాయ రంగును వర్ణించారు, అద్భుతం. పొయ్యి వెలిగించే మాట ఇంకా రాలేదు."

ఆకలి ఎవరి కిరీటాన్నీ లెక్కచేయదు. రాజు తానే లేచి వంటశాలకు నడిచాడు. వంటల పెద్ద పేరయ్య చల్లటి పొయ్యి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నన్నేం చేయమంటారు దొరా? అక్షరం పొల్లు పోకూడదన్నారట!"

రాజు గ్రంథం లాక్కుని ఆకులు తిప్పాడు. పొయ్యి డెబ్భై ఆరో ఆకులో దొరికింది. ఉప్పు నూట ఏడులో. నూనె ఎంత వెతికినా లేదు.

"నూనె రాయడం మరిచాను సరే, కూరకు నూనె వెయ్యాలని ఎవరికి తెలియదు?"

"రాసినవారికి తెలుసు ప్రభూ. చదివేవాడికి ఆకు మీద ఉన్నదే తెలుస్తుంది. మీరు వెతుకుతూ ఉండండి, ఈలోగా ఓబులమ్మత్త ఆకులు చదువుతాను."

రాజు కాదనే ఓపికలో లేడు. తిప్పన చదివాడు.

"జబ్బు పశువును మంద నుంచి వేరుగా కట్టి, వేరే తొట్టిలో నీళ్లు పెడితే గాలికుంటు ఆగుతుంది. పది మందల్లో వేరు చేశాం. తేడా తెలియడానికి ఇంకో పదింటిని ఎప్పటిలా కలిపే ఉంచాం. కలిపిన మందల్లో సగం పశువులు పడ్డాయి. వేరు చేసిన పది మందల్లో ఎనిమిదింట జబ్బు ఒకటి రెండు పశువులతో ఆగింది. తక్కిన రెండింటిలో ఆగలేదు. ఎందుకో నాకు తెలియదు."

"తెలియదా?" రాజు తలెత్తాడు. "ఆ మాట ఎందుకమ్మా రాయడం?"

"దాస్తే, రేపు ఎవరి దొడ్లోనైనా ఆగకపోతే నా మాట మొత్తం అబద్ధం అంటారు ప్రభూ. చెబితే, కారణం వెతికేవాళ్లు దొరుకుతారు."

రాజు తన గ్రంథం పక్కన పెట్టాడు. "మరి ఐదు రోజుల్లో అడవిలో మందలన్నీ కలుస్తాయే!"

"అందుకే వచ్చాను."

"నాలుగు ఆకుల్లో నాకు పశువైద్యం వచ్చింది. నూట ఎనిమిది ఆకుల్లో నా వంటవాడికి వంట రాలేదు!" అంటూ రాజు పగలబడి నవ్వాడు. శాసనం అక్కడికక్కడే రద్దయింది. కబురు పట్టుకుని గుర్రాలు ఊళ్లకు పరుగెత్తాయి. మందలు వేరువేరుగా అడవికి వెళ్లాయి. వానలు వెలిసేసరికి జబ్బు సద్దుమణిగింది.

ఆ తరువాత నిండుసభలో రాజు ఓబులమ్మకు బంగారు కంకణం తొడిగాడు. "నీకేం కావాలోయ్?" అని తిప్పనను అడిగాడు.

"అత్త ఐదో ఆకు రాసింది ప్రభూ. అది చదవనివ్వండి, చాలు."

అందులో శాస్త్రం లేదు. మందలు అప్పగించిన ఇరవై మంది కాపరుల పేర్లు ఉన్నాయి. 'వీళ్లు లేకుంటే నాకేమీ తెలిసేది కాదు' అని రాసి ఉంది. ఏనాడూ కొలువులో వినబడని పేర్లు ఒక్కొక్కటే వినబడ్డాయి.

"కాటమయ్య. తేడా తెలియాలని తన మందను కలిపే ఉంచి, ఏడు ఆవులను పోగొట్టుకున్నవాడు."

వెనక వరుసలోంచి ఒక గొంతు లేచింది. "ఏడు కాదు బాబూ, ఆరే! ఒకటి మళ్లీ లేచి నిలబడింది!"

ఓబులమ్మ నాలుక కరుచుకుంది. రాజు మళ్లీ పగలబడి నవ్వాడు. "దిద్దు తిప్పనా, ఆరని దిద్దు!" అని సింహాసనం దిగి, కాటమయ్య దగ్గరకు వెళ్లి, అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రా కాటమయ్యా, నా మందలోంచి ఆరింటిని నువ్వే ఏరుకో."