నక్క మాస్టారి సుఖాల బడి

బొగ్గులకోన అడవిలో దగ్గుజబ్బు పాకింది. మేతకు తప్ప బయటికి రాకుండా ఎవరి బొరియలో వాళ్లుండాలని ఏనుగు పెద్ద చాటింపు వేయించాడు. దాంతో పిల్లల బడి మూతపడింది. కొండముచ్చు ఓబులమ్మ టీచరు ఊరుకునే రకం కాదు. మద్దిచెట్టు చిటారుకొమ్మ ఎక్కి అక్కణ్ణుంచే పాఠం మొదలుపెట్టింది.

ఆమె పొట్టిగా అరిస్తే పైన గద్ద ఉన్నట్టు, బొరియలో దూరాలి. సాగదీసి అరిస్తే రేచుకుక్కలు వస్తున్నట్టు. అవి బొరియలు తవ్వేస్తాయి కాబట్టి బయటికొచ్చి వాగు దాటాలి. పిల్లలు గుమ్మంలో నిలబడి ఎటు పోవాలో చేసి చూపించాలి. తప్పితే పైనుంచి ఒకటే మాట: "మళ్లీ!"

పిల్లలకు ఒళ్లు మండింది. అది కనిపెట్టిన నక్క మాస్టారు తన బొరియ ఉన్న గుట్ట మీదే పోటీ బడి తెరిచాడు.

"పడుకునే వినండి నాయనా! మీరేం చెప్పినా ఒప్పే. ఇల్లు కదలకండి, అంతే."

ఏనుగు పెద్ద దూరంగా నిలబడి "ఏ బడి బాగుందర్రా?" అని అడిగాడు. బొరియలన్నీ ఒక్క గొంతుతో "నక్క మాస్టారిదే!" అన్నాయి. అందరికంటే గట్టిగా అరిచింది నక్క కొడుకు ముద్దులయ్య. ఏం నేర్చుకున్నారని మాత్రం పెద్ద అడగలేదు. అంత పెద్ద తలలో ఆ చిన్న ప్రశ్న ఎందుకు పుట్టలేదో మరి! నక్కకు రేగుపళ్లు బహుమానం పంపాడు.

కుందేలుపిల్ల చెంగి ఒక్కతే ఓబులమ్మ పాఠం వదల్లేదు.

"అందరూ హాయిగా ఉంటే నీకెందుకే ఈ గంతులు?" అంది తల్లి.

"అన్నయ్యను కుక్కలు బొరియలోంచే కదమ్మా లాక్కుపోయాయి. నాకు హాయి వద్దు, దారి తెలియాలి."

తల్లి పక్కకు జరిగి గుమ్మం వదిలింది.

నక్క చెట్టు కిందికొచ్చి నవ్వాడు. "ఒక్క పిల్ల కోసం గొంతు చించుకుంటావేం ఓబులమ్మక్కా?"

"అదొక్కటీ నేర్చుకుంటోంది కనక. చెంగీ, మళ్లీ!"

ఒకరోజు పెద్దలు మేతకు పోయారు. నక్క మాస్టారు ఏనుగు దగ్గర పొగడ్తలు వింటున్నాడు. అప్పుడు, పాఠం వేళ కాకపోయినా, మద్దిచెట్టు మీంచి సాగదీసిన అరుపు వినిపించింది. పిల్లలంతా అలవాటుగా ఇంకా లోపలికి దూరారు.

చెంగి గుమ్మంలోంచి బయటికి దూకింది. ఒక్క ఉరుకులో వాగు చేరగలదు. కానీ వెనక్కి తిరిగి బొరియ బొరియ దగ్గరా కాలితో నేల దబదబా కొట్టింది.

"బయటికి రండర్రా! కుక్కలు!"

ఒక్కొక్కరే వణుకుతూ వచ్చారు. ముద్దులయ్య రాలేదు.

"ఇల్లు కదలొద్దన్నాడు మా నాన్న."

"మీ నాన్న ఇక్కడున్నాడా? పద!" చెంగి వాడి చెవి పళ్లతో పట్టి బయటికి ఈడ్చింది. అందరూ వాగులో పడి అవతలి రాళ్లెక్కారు. కుక్కలు నక్క గుట్టను పెళ్లగించి, నీటి అంచున వాసన పోగొట్టుకుని, ఉసూరుమంటూ మళ్లిపోయాయి.

నక్క తిరిగొచ్చేసరికి గుట్ట మీద బొరియ ఆనవాలే లేదు. "ముద్దూ!" అని గొంతు పోయేలా అరిచాడు. అవతలి ఒడ్డున తడిసిన కొడుకు కనబడ్డాక వాగులో దూకి వాడి దగ్గరికి ఈదాడు. ఆ సాయంత్రమే వాణ్ణి తీసుకుని మద్దిచెట్టు కిందికి వెళ్లాడు.

"వీణ్ణి చేర్చుకో అక్కా."

"నా దగ్గర సుఖముండదు మాస్టారూ."

"సుఖం సంగతి తర్వాత. ముందు బతకనీ."

"అయితే నువ్వూ కూర్చో. నీకూ రాదు కదా."

ఓబులమ్మ సాగదీసి అరిచింది. నక్క మాస్టారు కంగారులో దగ్గరున్న బొరియలో తల దూర్చేశాడు. పిల్లలు ఫక్కున నవ్వారు. చెంగి మాత్రం నవ్వలేదు.

"తప్పు మాస్టారూ," అంది. "మళ్లీ!"

నీతి: చదువు ఎంత నచ్చిందో పొగడ్త చెబుతుంది, ఎంత వచ్చిందో ఆపద చెబుతుంది.