కత్తివీరుడి వీపు

ఎవరైనా ప్రశ్న అడిగితే సింగరాచార్యులు గారు జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. పల్నాటి ఊళ్ళ చరిత్ర కోసం ఏళ్ళ తరబడి తిరిగిన కాళ్ళాయె, కూర్చోమన్నా కూర్చోవు.

ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకుంటున్న హైమవతికి మట్టిబొమ్మలు చేయడం చిన్ననాటి పిచ్చి. ఒకరోజు తన పనిముట్ల సంచీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టలేను మాస్టారూ. ఇవి ఎవరికైనా ఇచ్చేసి చరిత్ర ఒక్కటే చూసుకుంటాను. అంతేనా?" అంది. అంతే అనొద్దని గొంతు మాత్రం వేడుకుంటోంది.

ఆయన చెప్పులు తొడుక్కుని, "సంచీ కూడా పట్రా" అన్నారు.

పొలిమేరలో మిరపచేల మధ్య ఒక వీరగల్లు ఉంది, ఎప్పుడో పోరులో పడినవాడి గుర్తుగా నిలిపిన రాయి. ఏటా పసుపూ నూనే రాసి రాసి దానిమీది బొమ్మ అరిగిపోయింది. భుజాన కత్తి ఆనించుకుని ముందుకు వంగిన వీరుడని జనం అంటారు. ఆచార్యులు గారూ తమ పుస్తకంలో అలాగే రాశారు. ఆయన రాశాక ఇక కాదనేవాళ్ళెవరు?

"ఆఖరుసారి ఈ కత్తివీరుణ్ణి చేసి మానెయ్" అన్నారు.

హైమవతి కాలవగట్టు మట్టి తెచ్చి పిసికింది. రాతిలో ఉన్నట్టే వంచి, భుజాన కత్తి పెట్టింది. బొమ్మ బోర్లా పడింది. మళ్ళీ చేసింది, మళ్ళీ పడింది. వీపున బరువుంటే తప్ప మనిషి అలా వంగి నిలబడలేడని ఆమె చేతులకు తట్టింది. లేచి వెళ్ళి, కళ్ళు మూసుకుని రాతిని తడిమింది. కత్తి అనుకున్నదాని కొసన వేళ్ళున్నాయి.

"ఒక్కడు కాదు మాస్టారూ" అంది. "ఇది కత్తి కాదు, ఇంకొకడి చెయ్యి. దెబ్బ తిన్నవాణ్ణి వీపున మోసుకొస్తున్నాడు."

ఆచార్యులు గారు చెప్పులు విడిచారు. మోకాళ్ళ మీద కూర్చుని తామూ తడిమారు. ఎన్నిసార్లో చూసి వెళ్ళిన రాతిమీద ఆ వేళ్ళను ఒక్కొక్కటే లెక్కపెట్టారు. తమ పుస్తకం తప్పిందన్న దిగులు ఆ ముఖంలో లేదు. ఇన్ని వందల ఏళ్ళూ ఆ బరువుతో ఎండలో నిలబడినవాణ్ణి అప్పుడే చూసినట్టు, కళ్ళ నిండా నీళ్ళు.

చాలాసేపటికి హైమవతికి తన ప్రశ్న గుర్తొచ్చింది.

"మరి ఈ సంచీ ఎవరికివ్వను మాస్టారూ?"

"వాడు దించాడా అమ్మా?" అన్నారాయన రాతివైపు చూపించి. "ముందు ఆ మట్టిమీద తడిగుడ్డ కప్పు, ఆరిపోతోంది."