ముందు కూర్చున్న పందులు

నేను ఇంతకు ముందు ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతితో బడి మానేశాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. మా పేటలో నాటకాలాడే షెడ్డు ఒకటుంది, దాన్ని ఊడ్చే పని నాది. అక్కడ జరిగింది మనుషుల పేర్లు పెట్టి చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకని జంతువుల మీద పెట్టి చెబుతున్నాను.

ఒక కొండ కింద పాడుపడ్డ ఇటుకల బట్టీ ఉండేది. మనుషులు వదిలేసి పోతే జంతువులు అక్కడ నాటకాలాడుకునేవి. ఎండాకాలం పొద్దు వాలిందంటే అడవంతా అక్కడే.

ఆ చోటు చూసుకునేది ఒక ముసలి ఎద్దు. నాగలికి పనికి రావడం లేదని యజమాని తోలేస్తే వచ్చి అక్కడ పడింది. మధ్యాహ్నమే వాగు నుంచి నీళ్ళు మోసుకొచ్చి, దుమ్ము లేవకుండా నేల తడిపి, పైన ఎండుగడ్డి పరిచేది. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, పిల్లతల్లులు దారి పక్కన. ఎవరొచ్చినా వాకిట్లోనే పలకరించేది.

"ఏమ్మా కౌజూ, పిల్లలు తిన్నారా? చంటాడు ఏడిస్తే మొహమాటపడకు, ఇటు నుంచి లేచెళ్ళి మళ్ళీ రా."

"వీడు ఏడిస్తే గాడిద మావయ్య పద్యం ఎవరికీ వినబడదు బాబాయ్!" అనేది కౌజుపిట్ట.

"గాడిద గొంతు ముందు వీడి ఏడుపెంతమ్మా, కూర్చో."

ఆ ఏడు కరువొచ్చింది. సగం అడవి నీళ్ళు వెతుక్కుంటూ వలసపోయింది. అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి ఎద్దుని పిలిచి, "జనం పలచబడుతున్నారు. ఈసారి కూడా బట్టీ నిండకపోతే నాటకాలు కట్టిపెట్టి ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తాను" అంది.

ఎద్దుకి మేత దిగలేదు. ఆ చోటు పోతే తనకి ఇంకో చోటు లేదు.

అది పసిగట్టి నక్క వచ్చింది. "ఎద్దన్నా, నీకు నేల తడపడం తెలుసు గానీ మర్యాద తెలీదు. కుందేళ్ళు ముందూ, ఎలుగు పెద్ద వెనకానా? ఆయనకి ఒళ్ళు మండదూ?"

"కుందేళ్ళకి కనబడాలి కదయ్యా!"

"వినబడుతుంది గదా. పద్యం చెవులతోనే గదా వినేది, వాళ్ళకి చెవులకేం తక్కువ?"

"కానీ నక్కా..."

"చోటు కావాలా, కుందేళ్ళు కావాలా? అది చెప్పు ముందు."

ఎద్దు వెళ్ళి పరిచిన గడ్డి పోగు చెయ్యడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం గడ్డి అంతా ముందుకు పోయింది. నడిమధ్యన ఎలుగు పెద్ద. ఆయన పక్కన నిండుగా ఉండాలని నక్క అడవిపందుల్ని బతిమాలి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. పిల్లతల్లుల దారిలో పందిపిల్లలు పడుకున్నాయి. చిన్నవాళ్ళకి మిగిలింది వెనకాల ఇటుక పెళ్ళలే.

"నాకేం, నా చిప్ప నాకుంది" అంది తాబేలు. ఎవరూ నవ్వలేదు.

నాటకం మొదలైంది. "అమ్మా, రాజు వచ్చాడా?" అన్నాడు కౌజు చంటాడు.

"వచ్చాడు నాన్నా."

"ఎలా ఉన్నాడు?"

"ఏమోరా, నాకూ పంది వీపే కనబడుతోంది."

వాడు ఏడుపందుకున్నాడు. ముందు నుంచి ఒక పంది తల తిప్పి, "ఎవరే ఆ పిల్లాడిది? నోరు మూయించు!" అని అరిచింది. లేచెళ్దామంటే దారి లేదు. కౌజు వాణ్ణి రెక్క కింద అదిమిపెట్టి కూర్చుంది.

గాడిద పెద్ద పద్యం ఎత్తుకుంది. రాగం సాగదీసి సాగదీసి దింపి, ఎప్పటిలా వన్స్‌మోర్ కోసం ఆగింది. ఎలుగు పెద్ద గురక పెడుతోంది. పందులు మూతులు కిందికి పెట్టుకుని ఏదో వాసన చూస్తున్నాయి. పెద్దలే ఊరుకుంటే మనం అరవడమేంటని వెనకవాళ్ళు ఊరుకున్నారు. గాడిద అలాగే నిలబడిపోయింది. తర్వాతి పద్యం దానికి గుర్తు రాలేదు.

అందరూ వెళ్ళేటప్పుడు ఎద్దు వాకిట్లో నిలబడి ఒక్కొక్కళ్ళనీ అడిగింది. "ఎలా ఉందమ్మా?"

"బాగుంది బాబాయ్," అంది కౌజు.

"బ్రహ్మాండం," అంది కుందేలు, ఇటుక పెళ్ళ గుచ్చుకున్న కాలు కనబడకుండా దాచుకుంటూ.

ఎద్దు నమ్మింది.

మర్నాడూ నీళ్ళు మోసి నేల తడిపింది. పొద్దు వాలింది. ఎలుగు వచ్చింది, పందులు వచ్చాయి. ఇంకెవరూ రాలేదు.

"వస్తారు, ముస్తాబవుతుంటారు" అంది నక్క.

ఎద్దు ఉండబట్టలేక కౌజు ఉండే పొద దాకా వెళ్ళింది. "ఏమ్మా, రాలేదేం?"

"చంటాడికి ఒంట్లో బాలేదు బాబాయ్."

చంటాడు అక్కడే దుమ్ములో పొర్లి ఆడుకుంటున్నాడు. ఎద్దు చూసింది. చూసినట్టు కౌజుకీ తెలిసింది. ఇద్దరూ తలలు దించుకున్నారు. ఎద్దు వెనక్కి తిరిగింది.

బట్టీలో ఎలుగు పెద్ద లేచి నిలబడి ఉంది. "జనం లేరు. అన్న మాట అన్నట్టే. ఈ చోటు ఇచ్చేస్తున్నాను."

నక్క గబగబా ముందుకొచ్చింది. "నాకే కదా పెద్దయ్యా? మిమ్మల్ని ముందు కూర్చోబెట్టింది నేనే. ఆ గోడ వార గుహ ఒకటి తవ్వుకుందామని..."

"నువ్వు అడగలేదుగా. పందులు నిన్ననే అడిగాయి."

నక్క పందుల వైపు తిరిగింది. "మీరా? మీకెందుకు నాటకాల చోటు?"

"నాటకం ఎవడు చూశాడు?" అంది ముసలి పంది. "రోజూ నీళ్ళు పోసి మెత్తబడ్డ నేల, కింద దుంపలు. వెనకుంటే మాకా వాసనే తెలిసేది కాదు. ఏమాటకామాటే, ముందు కూర్చోబెట్టి మేలు చేశావు."

"నేను మర్యాద చేస్తే మీరు నా నోట్లో మట్టి కొడతారా!"

"నీ నోట్లో కాదు, మా నోట్లోకే పోతుంది మట్టి. జరుగు, తవ్వుకోవాలి."

చూస్తుండగానే బట్టీ నేలంతా గోతులైపోయింది. నక్క ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఎద్దు మాత్రం వాకిట్లోనే నిలబడింది.

"పదన్నా, పోదాం" అంది గాడిద.

"ఎక్కడికి?"

గాడిద కొండ వైపు చూసింది, వాగు వైపు చూసింది. అదీ పక్కనే నిలబడింది.

కూర్చోడానికి చోటు లేనివాళ్ళు గొడవ పెట్టరు, రావడం మానేస్తారు.

ఇది రాశాక మర్నాడు పొద్దున్నే నేను షెడ్డుకి వెళ్ళాను. ముందు వరస కుర్చీలు ఒక్కదాన్నే వెనక్కి మోసి, ముందంతా చాపలు పరిచాను. ఆ వేళ నాటకం లేదు. ఇక ఉండదని పేట పెద్దలు అప్పటికే చెప్పేశారు.