గెట్ అనే మాటకు నూటెనిమిది అర్థాలు

నీలగెడ్డ సంస్థానాధీశులు జగ్గభూపతి వారికి ఆ పూట అన్నం సహించలేదు. కారణం ఒకే ఒక్క ఇంగ్లీషు మాట.

ముందురోజు కలెక్టరు దొర విందుకొచ్చాడు. వచ్చినవాడు తినేసి పోక, నోరు తెరిస్తే "గెట్" అన్నాడు. గుర్రం మీంచి దిగుతూ గెట్ డౌన్, కాళ్ల దగ్గరికొచ్చిన కుక్క మీద గెటౌట్, కునికిన బంట్రోతు మీద గెటప్. పులిహోరలో మిరపకాయ కొరికి, నీళ్ల కోసం మళ్లీ గెట్! రాజుగారు బల్ల కింద వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టారు. ఇరవై ఏడు.

"లేవడానికీ అదే, దిగడానికీ అదే, తెమ్మనడానికీ పొమ్మనడానికీ అదేనా?" అన్నారు సభలో. "ఈ మాట ఎక్కడ పుట్టింది? దీనికెన్ని అర్థాలు? దొర రేపు మళ్లీ వస్తాడు. ఈలోగా నాకు తేలాలి!"

ఆంగ్లభయంకర చయనులుగారు లేచారు. ఆ బిరుదు ఆయనకు ఆయనే ఇచ్చుకున్నారు. చెన్నపట్నంలో ఆరు నెలలుండి వచ్చింది మొదలు, సంస్థానంలో ఇంగ్లీషుకు ఆయనే దిక్కు. ఆయన పక్కన పీట మీద పట్టుబట్టలో చుట్టిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు. రాజుగారు మూడేళ్ల కిందట తెల్లదొరల సీమ నుంచి తెప్పించి ఇచ్చినదే. ఏటా సరస్వతీ పూజనాడు దాని ముందు కొబ్బరికాయ కూడా కొడతారు.

"ప్రభూ! గెట్‌కు నూటెనిమిది అర్థాలు. పుట్టింది మన కాశీలోనే. అక్కడి పండితుల నోట 'గతి' అన్న మాట విని తెల్లవాళ్లు పట్టుకుపోయారు. ఆ దేశపు చలికి నోరు తిరక్క గెట్ అన్నారు!"

సభ భళా అంది. రాజుగారి వెనక నిలబడ్డ కూర్మయ్య మాత్రం కిసుక్కున నవ్వాడు.

కూర్మయ్య రాజుగారి సొంత నౌకరు. ఆకూ వక్కా అందించడం, కళ్లజోడు తుడవడం, సీమ నుంచి వచ్చిన నవలల మడతలు కోయడం అతని పనులు. అప్పట్లో ఆ పుస్తకాల కాగితాలు అంచుల్లో కలిసిపోయి వచ్చేవి. చాకుతో కోస్తే గాని చదవడానికి వీలుండేది కాదు. కూర్మయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, నోరు మాత్రం ఊరుకోదు. ఆ నోటివల్ల ఏనాటికైనా కొలువు ఊడుతుందని ఇంట్లో పెళ్లాం అప్పలనరసమ్మ రోజూ అంటూనే ఉంటుంది.

"నన్ను చూసి నవ్వుతాడా, ఆకులు చుట్టుకునేవాడు!" చయనులుగారు మండిపడ్డారు. "ప్రభూ, నా మాట తప్పని వీడు రుజువు చెయ్యాలి. లేదా ఈ క్షణమే కొలువు వదిలి పోవాలి!"

"న్యాయమే," అన్నారు రాజుగారు. "ఏరా కూర్మిగా, ఏమంటావు?"

కూర్మయ్యకు అప్పలనరసమ్మ మొహం కళ్ల ముందు కదిలింది. ఇంతలో చయనులుగారు మహా ఆర్భాటంగా పట్టుబట్ట లాగి నిఘంటువు సభకు చూపించారు. కూర్మయ్య చూపు దాని అంచు మీద పడింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"తప్పయిపోయింది పంతులుగారూ. ఒక్క సందేహం తీర్చండి, నా మూట నేనే కట్టుకుంటాను. ఆ నూటెనిమిదీ తమరు ఈ పుస్తకంలోనే చదివారా?"

"ఇందులోనే!"

"తమరి కళ్లతోనే?"

"మరి నీ కళ్లతోనా? నూటొక్కసార్లు చదివాను. ఇవాళ సంధ్యావందనం కాగానే మళ్లీ చదివాను. సరస్వతి సాక్షి!"

కూర్మయ్య నడుము నుంచి దంతపు చాకు తీసి, రెండు చేతులా ఆయన ముందు పెట్టాడు.

చయనులుగారు రెండడుగులు వెనక్కేశారు. "కత్తెందుకురా?"

"ఆ పేజీ ప్రభువులకు చూపించడానికండీ. మూడేళ్లయినా దీని మడతలు ఎవరూ కోయలేదు. కోయకుండానే నూటొక్కసార్లు ఎలా చదివారో నాకూ నేర్పితే, నా చాకుకి పని తప్పుతుంది!"

రాజుగారు గద్దె దిగొచ్చి పుస్తకంలోకి వంగి చూశారు. నిజమే. అట్ట మీద పసుపూ కుంకుమా, లోపల మొదటి నుంచి చివరిదాకా అంటుకున్న మడతలు! ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. సభకు ఇంకేం కావాలి!

కూర్మయ్య సర్రుసర్రుమని మడతలు కోశాడు. రాజుగారు కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివారు.

"ఈ మాట కాశీది కాదు. పుట్టుకతో ఇంగ్లీషువాళ్లదీ కాదట! వందల ఏళ్ల కిందట ఉత్తరపు సముద్రాలు దాటి పడవల్లో వచ్చినవాళ్లు తెచ్చారట. మొదటి అర్థం, సంపాదించడం. ఆ తర్వాత... అబ్బో, పేజీ తిప్పినా అవడం లేదురా!"

తన చేతి కంకణం ఊడదీసి కూర్మయ్యకు తొడిగారు. "ఇది నీ బుద్ధి సంపాదించింది. ఇక నిఘంటువూ నీ కాపలాలోనే ఉంటుంది."

చయనులుగారు పట్టుబట్ట మడత పెట్టుకుంటూ మెల్లిగా అడిగారు. "ప్రభూ, మరి నా గతి?"

రాజుగారు అచ్చం దొరలాగే గుమ్మం వైపు వేలు చూపించారు.

"దానికి నిఘంటువు అక్కర్లేదు పంతులూ. గెటౌట్!"

సభ ఘొల్లుమంది. ఈసారి కూర్మయ్య కిసుక్కున కాదు, అందరితోపాటు గట్టిగానే నవ్వాడు.