నొప్పిని తేల్చే పూస

అనగా అనగా, మన తాతల తాతలకన్నా ముందెప్పుడో, గిరిదుర్గమనే రాజ్యం ఉండేది. దానికి వజ్రబాహుడు రాజు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు కుముదిని. ఆ పిల్లంటే ఆయనకు పంచప్రాణాలు.

ఆ రాజ్యంలో వేదగిరి అనే వైద్యుడు ఏళ్ళ తరబడి కష్టపడి ఒక తెల్లటి గాజుపూస చేశాడు. అరచేతిలో పెడితే చాలు, ఒంట్లో జ్వరముంటే పూస ఎర్రబడుతుంది. మాయ కాదు, మంత్రం కాదు, అచ్చంగా విద్య. మొట్టమొదట దాన్ని ఏనుగుల మావటి చేతిలో పెట్టారు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడతను. పూస ఎర్రబడింది. వెంటనే మందిచ్చారు, బతికాడు.

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అలాంటి పూసలు బోలెడు చేయించి ఊరూరా పంచాడు. "ఇకమీదట పూస మాటే మాట! అది ఎర్రబడకుండా నొప్పి అని మూలిగేవాడు అబద్ధాలకోరు. వాడికి కొరడా దెబ్బలు!" అని చాటింపు వేయించాడు.

వేదగిరి పరుగున కొలువుకు వచ్చాడు. "ప్రభూ, దీనికి తెలిసింది జ్వరం ఒక్కటే. తెలియని బాధలు ఎన్నో ఉన్నాయి. చేసినవాణ్ణి, నేనే చెబుతున్నాను" అని చేతులు జోడించాడు.

"పూసనే శంకిస్తావా?" అని రాజు అతణ్ణి పొలిమేర దాటించాడు. చూశారా చోద్యం! చేసినవాడి మాటకే విలువ లేకపోయింది.

కొన్నాళ్ళకు నేతపని చేసే సూరమ్మ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. పూస తెల్లగానే ఉంది.

"అయ్యా, నొప్పి నాది. నాకు తెలీదా?" అని ఏడ్చింది.

"నీకేం తెలుసు? పూసకు తెలుసు" అన్నారు భటులు. కొరడాతో కొట్టారు. సాయంత్రానికి ఆమె ప్రాణం పోయింది. ఆమెకు ఏ రోగమూ లేదని కొలువు పండితులు తేల్చేశారు. రోగం లేకుండానే చచ్చిపోయిందట, వినండి!

ఆ తర్వాత ఊరు ఊరంతా నోరు మూసుకుంది. మోకాళ్ళు దోక్కుపోయినా పిల్లలు పెదవి కొరుక్కుని ఊరుకునేవారు. తన రాజ్యంలో బాధే లేదని రాజు మురిసిపోయాడు.

ఇక వంతు కుముదినికి వచ్చింది. కడుపులో పోటు మొదలవగానే ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పూసను గుప్పిట్లో పెట్టుకుంది. అది తెల్లగానే ఉంది. దాంతో తండ్రి ముందు నవ్వుతూనే తిరిగింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని అలాగే ఒరిగిపోయింది.

"తల్లీ, ఎక్కడమ్మా నొప్పి? చెప్పమ్మా!" అని రాజు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నొప్పి లేదు నాన్నగారూ. పూస ఎర్రబడలేదుగా... నేను అబద్ధాలకోరును కాను" అని కన్ను మూసింది.

రాజు గుండెలు బాదుకుని ఘొల్లుమన్నాడు. భటుడొకడు అలవాటు చొప్పున వచ్చి, ఆయన అరచేతిలో పూస పెట్టాడు.

అది తెల్లగానే ఉంది.

పిల్లలూ, పనిముట్టు చెప్పేది వినండి, కాని బాధపడే మనిషి నోరు నొక్కి మాత్రం వినకండి.